పోయినవాడి బియ్యం

తూషెతి కొండల్లో జూలైలో కూడా
పొద్దున్నే నీళ్ల తొట్టి మీద సన్నటి మంచుపొర.
దాన్ని వేలితో పగలగొట్టి
కుక్కపిల్ల కింద తడిసిన గొర్రెబొచ్చు ఉతుకుతున్నాను.
ఇవాళ్టికిది నాలుగోసారి.

మొదట పసుపు. తరవాత గడ్డిరంగు.
నిన్న రాత్రి లాంతరు దగ్గరికి జరిపి చూస్తే
జిగట మధ్య ఒక ఎర్రదారం.
చెప్పుకోడానికి బాగుండదు గానీ
వారంగా నేను చదువుతున్న పుస్తకం అదే.

తల్లి తోడేలు వెంటపడి లోయలో జారింది.
కాలు విరిగి తనైతే తిరిగొచ్చింది, పాలు తిరిగి రాలేదు.
ఐదు పిల్లలు. ఐదు వారాలు.
చీజు తీశాక కాగులో మిగిలే తేటలో
ఎండురొట్టె నానేసి పెట్టాడు షెతే.
"మా తాత కుక్కలు ఇదే తిన్నాయి,
ఎలుగుబంటి చెవి కొరికాయి" అన్నాడు.
తేట పడక చచ్చిన తాతగారి కుక్కల్ని
ఎవరు లెక్కపెట్టారు?
నాలుగింటికి అరిగింది.
ఐదోదానికి పొట్ట డోలు, వెన్ను రంపం.

మెడ మీద తోలు పట్టుకుని వదిలితే
గుడారంలా అలాగే నిలబడింది,
సర్దుకోవడం మరిచిపోయి.

సిగ్నలు కోసం రాతిగుట్ట ఎక్కాను.
కింద అల్వానీలో పశువుల డాక్టరు జ్వియాద్,
గాలి సగం మాటలు ఎత్తుకుపోగా నాకు మిగిలినవి ఇవి:
పాలు వద్దు, తేట వద్దు, కొవ్వు అసలే వద్దు.
అలాగని కడుపు మాడ్చకు, అంత పసిదాన్ని మాడిస్తే తెల్లారదు.
కాచిన నీళ్లు, చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర, చెంచా చెంచా.
మెత్తగా ఉడికిన అన్నం, తోలు తీసిన కోడి,
బొటనవేలంత ముద్ద, రోజుకి ఆరుసార్లు.
మనుషుల మాత్రలు తాకించకు.
పురుగుల మందు ఎల్లుండి గుర్రం మీద పంపిస్తా.
"బరువెంత?"

చీజు తూచే త్రాసులో కూచోబెట్టాను.
అవతల రెండు కిలోల రాయి వేస్తే పిల్ల గాల్లోకి లేచింది,
భయపడి త్రాసు తడిపింది.
రాళ్లు మార్చి మార్చి చివరికి తేలిన లెక్క:
కిలోన్నర, పైన నా తాళాలగుత్తి.

కోడి ఉంది. మరి బియ్యం?
మా కొండ మీద బియ్యం ఉడికేది చావులకే.
షెతే తమ్ముడు ఉషంగి పోయి ఏడాది కావస్తోంది.
ఆ రోజు గొర్రెమాంసంతో కలిపి వండే ముద్ద కోసం తెచ్చిన సంచి
మూతి కుట్టేసి దూలానికి వేలాడుతోంది.
కుట్టు విప్పాను.
మూడు గుప్పిళ్లు. నా గుప్పిలి చిన్నదే.

ఉడుకుతున్న వాసనకి షెతే లోపలికొచ్చాడు.
గిన్నె చూశాడు. సంచి చూశాడు.
ఏమీ అనకుండా వెళ్లి కట్టెలు కొట్టాడు,
అవసరానికి మించి చాలా.

మూడో రాత్రి మెలకువ వస్తే పక్క ఖాళీ.
పొయ్యి దగ్గర బాసింపట్టు వేసుకుని,
చిటికెనవేలి కొస మీద నాలుగు మెతుకులు పెట్టుకుని,
"ఊఁ, ఇదొక్కటి... ఇదొక్కటే" అంటున్నాడు.
పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు.
అతను ఏ పేరుతో పిలిచాడో నాకు వినపడింది.
చెప్పను.

ఆరో పొద్దున,
మంచు తడి గడ్డి మీద
గోధుమరంగులో, గట్టిగా, చూపుడువేలంత,
పొగలు కక్కుతూ.
"షెతే! రా! వచ్చి చూడు!"
ఒక కాలికే బూటుతో పరిగెత్తుకొచ్చాడు.
ఇద్దరం మోకాళ్ల మీద చేతులానించి వంగి చూశాం, చాలాసేపు.
గొర్రెలు మమ్మల్ని చూశాయి.

ఉషంగి రోజున ముప్పైమంది వచ్చారు.
వడ్డన పూర్తి కాకముందే గిన్నె అడుగు కనపడింది.
ఒక పళ్లెం తక్కువ.
"నాకు ఆకలి లేదు" అన్నాడు షెతే,
బల్ల కింద అతని బూటు లేసు ఎవరో పీకుతుంటే
కిందికి చూడకుండా.